మౌస్ బావది, కీబోర్డు నాది

కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్పే మా కాలేజీ క్యాడ్ ల్యాబ్‌లో సిస్టమ్‌లకేం తక్కువ లేదు, పనిచేసేవే తక్కువ. అందుకని ఇద్దరేసి మందిని ఒక్కో సిస్టమ్ ముందు కూర్చోబెట్టేవారు. నా పక్కన మా బావ కూర్చున్నాడు. బావ అంటే వరసకి బావ కాదు, అమ్మ సొంత అన్నయ్య కొడుకు. మా ఇద్దరికీ పెళ్లని మాకు ఊహ తెలియకముందే పెద్దవాళ్లు అనేసుకున్నారు. ఊహ తెలిశాక మేమూ అనేసుకున్నాం. సినిమాల్లోలాగా ఎవరినీ ఎదిరించాల్సిన పనిలేదు. మెకానికల్లో చేరింది కూడా బావ చేరాడనే. ఇంట్లో ఎవరైనా అడిగితే మాత్రం నాకు యంత్రాలంటే ఇష్టమని చెప్పేదాన్ని.

మొదటివారంలోనే గొడవైంది. సారు ఒక దీర్ఘచతురస్రం గీయమన్నారు. మౌస్ నా చేతిలో ఉంది, స్క్రీన్ మీద బాణం ఎక్కడికో పోయింది. అటూ ఇటూ ఊపాను. ఒకసారి మెరిసి మళ్లీ మాయమైపోయింది.

"అదుగోనే, పైన మూల ఉంది. కళ్లు ఇంట్లో పెట్టొచ్చేవా?" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. "అంత కనిపిస్తే నువ్వే పట్టుకో నీ ఎలకని" అని మౌస్ తన వైపు నెట్టేశాను.

అంతే, ఆ రోజు నుంచి మౌస్ బావది, కీబోర్డు నాది. మిగతా జంటలు వంతులు వేసుకునేవాళ్లు. మేం మాత్రం ఒకే మనిషి రెండు చేతులు పంచుకున్నట్టు పనిచేసేవాళ్లం. గీత గీయాలంటే ఒక అక్షరం, వృత్తానికో అక్షరం, పక్కనే ఇంకో గీత కావాలంటే మరొకటి, ఎక్కువైంది కత్తిరించాలంటే ఇంకొకటి. స్క్రీన్ అంచుల్లో వరసగా ఉండే బొమ్మల జోలికి పోకుండా అన్నీ బట్టీపట్టేశాను. బావ ఎక్కడ మొదలుపెట్టాలో చూపించేవాడు, నేను కొలతలు కొట్టేదాన్ని. స్క్రీన్ కింద లైనులో నేను కొట్టిన కమాండ్ సరిగ్గా పడిందో లేదో చూసుకునేదాన్ని కూడా కాదు.

"చూసేరాండీ, కింద లైను వంక కన్నెత్తి చూడకుండా కొడతందీ అమ్మాయి. అలా నేర్చుకోవాలి" అని సారు క్లాసందరికీ చెప్పేవారు. నేను మురిసిపోయేదాన్ని. క్లాసువాళ్లు ఊరుకుంటారా? "మీకు పెళ్లెందుకండీ, కాపురం ల్యాబ్‌లోనే అయిపోతోంది" అని ఏడిపించేవాళ్లు. బావ సిగ్గుతో చెవి వెనక గోక్కునేవాడు. నేనైతే తలెగరేసి, "కుళ్లుకోండి" అనేదాన్ని.

త్రీడీ మోడలింగ్ మొదలైన సెమిస్టర్ నా జీవితంలో అన్నిటికన్నా బాగున్న రోజులు. అప్పటిదాకా బల్లపరుపుగా పడుకుని ఉన్న గీతలు ఒక్కసారిగా లేచి కూర్చునేవి. ఒక చిన్న ఆకారం గీసి దాన్ని ఒక గీత చుట్టూ తిప్పితే గిన్నె అయ్యేది, గొట్టమయ్యేది, చక్రమయ్యేది. విడివిడి భాగాలు తయారుచేసి ఒకదానికొకటి అమర్చి బరువులెత్తే స్క్రూజాక్ నిలబెట్టాం. రంధ్రంలో మర సరిగ్గా కూర్చున్నప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించేది. తాటిపాక వైపు కొబ్బరితోటల పక్కన కంచెలు కట్టిన గ్యాస్ పైపులు కనిపిస్తాయి కదా, వాటికి బిగించే వాల్వ్ ఒకటి మా ప్రాజెక్టుగా తీసుకున్నాం. బావ దాన్ని మౌస్‌తో మెల్లగా తిప్పుతుంటే లోపలి పళ్లెం, దాని కింద మెట్టు, బోల్టులు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా కళ్ల ముందుకి వచ్చేవి.

"ఇద్దరం ఒకే కంపెనీలో చేరదామే. పక్కపక్క కుర్చీలు అడుగుదాం" అనేవాడు.

"ఇస్తారేంటి?"

"ఇవ్వకపోతే మానేసి వచ్చేద్దాం. రావులపాలెంలో అరటిగెలలు అమ్ముకుందాం."

నాకు కావాల్సింది అదొక్కటే. తనూ నేనూ ఒకే పని, ఒకే ఇల్లు. అంతకు మించి దేవుణ్ణి ఒక్కటీ అడగలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఎన్ని సూచనలున్నాయో! గుమ్మాలు తగిలి నా భుజాలు ఎప్పుడూ కమిలి ఉండేవి. పొద్దుగూకితే చేను గట్టు మీద నడవలేకపోయేదాన్ని. రేచీకటి అని అమ్మ మునగాకు వండిపెట్టింది, మేక కార్జం తెప్పించింది, కారెట్ తినీ తినీ నాకు దాని మీదే విరక్తి వచ్చింది. పెళ్లిళ్లలో పక్కనుంచి పలకరించినవాళ్లు నాకు కనిపించేవారు కాదు. "చదువుకుంటందని ఎంత పొగరో చూడండి" అని వెనక అనుకునేవారు. పొగరనే నేనూ ఒప్పుకున్నాను. నా నోటి దురుసుకి అది బాగానే అతికింది. అందరూ అన్నిటికీ ఏదో ఒక పేరు పెట్టారు. ల్యాబ్‌లో తెలివి అన్నారు, పెళ్లిలో పొగరన్నారు. కళ్లని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆఖరి సంవత్సరం హైదరాబాదు నుంచి ఒక డిజైన్ కంపెనీ వాళ్లు వచ్చారు. మొదటి పరీక్ష గీయడం. ఎవరి సిస్టమ్ వాళ్లదే. మౌస్‌తో తంటాలుపడినా కీబోర్డు నన్ను గట్టెక్కించింది, అందరికన్నా ముందు పూర్తిచేశాను. రెండోది వేరు. బల్ల మీద పరిచేంత పెద్ద డ్రాయింగ్ కాగితం ఇచ్చి అందులో తప్పులు పట్టమన్నారు. పట్టాను. గర్వంగా ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చున్నాను.

అక్కడ కూర్చున్నది నడివయసాయన. నా కాగితం చూసి, "కుడి పక్క ఈ సెక్షన్ మొత్తం వదిలేశారేంటమ్మా?" అని అడిగారు.

"ఏ సెక్షన్ అండీ?"

ఆయన పెన్నుతో చూపించారు. ఆ పెన్ను నాకు కనిపించలేదు. ఆయన పెన్నుని కాగితం అంచు నుంచి చాలా నెమ్మదిగా మధ్యకి జరపడం మొదలుపెట్టారు. "కనిపించినప్పుడు చెప్పండి" అన్నారు. అది దాదాపు నా ముక్కు ఎదుటికి వచ్చాక, "ఇప్పుడండీ" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఇంకేమీ ప్రశ్నలు వేయలేదు. "ఒకసారి కళ్ల డాక్టర్ని కలవమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు. అంతవరకూ "మీరు" అన్న మనిషి, చివరికి వచ్చేసరికి సొంత కూతురితో మాట్లాడినట్టు మాట్లాడారు. ఆ మార్పుకే నాకు భయం వేసింది.

బావకి ఉద్యోగం వచ్చింది. ఆ రోజు స్వీట్లు పంచాల్సినవాడు నాతో పాటు క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని, "అద్దాలు వేసుకుంటే సరిపోతుందిలేవే, మళ్లీ రాద్దువుగాని" అంటూనే ఉన్నాడు.

కాకినాడ కళ్లాసుపత్రికి అమ్మ, బావ, నేను వెళ్లాం. తెల్లటి బోర్లించిన గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోమన్నారు. చేతికో బొత్తం ఇచ్చారు. మధ్యలో చుక్కనే చూడాలి, చుట్టూ ఎక్కడ వెలుగు కనిపించినా నొక్కాలి. నేను చుక్కనే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూసినా ఏమీ రావడం లేదు. నాకసలే ఓపిక తక్కువ.

"ఇంకా మొదలెట్టలేదాండీ?" అని అడిగాను.

"అయిపోవచ్చిందండి" అంది పరీక్ష చేసే అమ్మాయి.

వెలుగులు వస్తూనే ఉన్నాయన్నమాట. నా చుట్టూ అన్ని వెలుగులు వెలిగి ఆరిపోయాయి, నాకు ఒక్కటీ తెలియలేదు.

డాక్టర్ గారు మంచివారు. చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుందని, ప్రస్తుతానికి దీనికి మందు లేదని, మధ్యలో చూపు చాలా ఏళ్లు ఉండొచ్చని చెప్పారు. తర్వాత అమ్మని అడిగారు, "మీదీ మీ వారిదీ మేనరికమాండీ?"

"ఆయ్, సొంత మేనమామేనండీ. అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నానండి" అంది అమ్మ. మా వైపు అదో గొప్ప. పిల్ల పరాయి గడపకి పోలేదు, కొబ్బరితోట పరాయి చేతికి పోలేదు.

"ఈ అబ్బాయి ఎవరండీ?"

"మా అన్నయ్యగారబ్బాయండి. కాబోయే అల్లుడండి."

డాక్టర్ గారు అమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు, ఆఖరికి బావ వైపు చూశారు. మా ముగ్గురికీ, తర్వాత నాన్నకీ రక్తపరీక్షలు చేయించారు. ఫలితాలొచ్చాక విడమర్చి చెప్పారు. ఈ లోపం అమ్మలోనూ ఉంది, నాన్నలోనూ ఉంది. వాళ్లిద్దరి చూపూ బాగానే ఉంది, రెండూ కలిసి నాకు వచ్చింది. బావలోనూ అదే ఉంది. తన చూపుకేమీ కాదు. నన్ను చేసుకుంటే మాత్రం పుట్టే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ నాలా అయ్యే అవకాశం సగానికి సగం. బయటి సంబంధమైతే దాదాపు భయం లేదు.

ఇంటికొచ్చాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. "తోట బయటికి పోకూడదని చేసుకున్నారు. తోట ఉంది. నా కళ్లు పోయేయి. ఇప్పుడు చూసుకో నీ తోట" అన్నాను. అమ్మ పెరట్లోకి వెళ్లి నూతిగట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాపం, తనకి మాత్రం ఏం తెలుసు? తనని పెద్దవాళ్లు కూర్చోబెట్టారు, తాళి కట్టించుకుంది. కానీ నాకు ఆ రోజు ఎవరో ఒకరి మీద కోపం రావాలి, లేకపోతే పిచ్చెక్కేది.

బావ హైదరాబాదు వెళ్లే రోజు రావులపాలెం దాకా నేనూ వెళ్లాను. అరటిగెలల లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాయి, బస్సు ఇంకా రాలేదు. అక్కడే చెప్పేశాను.

"బావా, నువ్వు బయటి సంబంధం చేసుకో."

"ఆయ్ అంటాననుకున్నావా?"

"నేను ఆటలాడట్లేదు."

"పిల్లలొద్దు. అయిపోయింది కదా. పిల్లలు లేనోళ్లు బతకట్లేదా?"

ఆ మాట అన్నది ఎవరు? ఐనవిల్లి గుడి క్యూలో ఎవరి పిల్లాడు ఏడ్చినా ఎత్తుకుని భుజాన వేసుకునే మనిషి. బస్సులో పక్కసీటు పాపతో దారిపొడుగునా వెక్కిరింపులాడే మనిషి. నా కోసం ఆ మాట అన్నాడని నాకు తెలుసు. నలభయ్యేళ్లు వచ్చాక కూడా పిల్లలుంటే బాగుండేదని పైకి అనకుండా ఉంటాడని తెలుసు. మనసులో మాత్రం అనుకుంటాడు. ఆ అనుకోవడం నాకు వినిపిస్తుంది. అది భరించడం నా వల్ల కాదు.

"నీ జాలి నాకక్కర్లేదు. నా చెయ్యి పట్టుకుని నడిపించడానికి మొగుడెందుకు? కర్ర కొనుక్కుంటాను" అన్నాను. మాట తగలాల్సిన చోటే తగిలింది. బావ మొహం తెల్లబోయింది. బస్సొచ్చింది. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యి ఊపాడో లేదో నాకు తెలియదు. నేను చూస్తున్న చోట తన కిటికీ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. తర్వాత మానేశాడు. నేను అమలాపురంలో ఒక చిన్న ట్రైనింగ్ సెంటర్లో క్యాడ్ చెప్పడానికి చేరాను. కమాండ్లన్నీ నోటికొచ్చినదాన్ని కదా, ఆ ముక్క చెప్పడానికి కళ్లతో పెద్ద పనిలేదు.

ఏడాది దాటాక అత్త మా ఇంటికి వచ్చింది. బావకి కొత్తపేట దగ్గర సంబంధం చూశారట, ఏ చుట్టరికమూ లేనివాళ్లు. "నువ్వొస్తేనే పెళ్లిచూపులకి వస్తానంటన్నాడమ్మా. నీకు నచ్చితే చేసుకుంటాడంట" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అది పంతమో, శిక్షో, ప్రేమో నాకు తెలియలేదు. ఏదైతేనేం, చీర కట్టుకుని వెళ్లాను.

పెళ్లికూతురు చక్కగా ఉంది. గొంతు ఇంకా చక్కగా ఉంది. ఇప్పుడు ఆవిడ నాకు అక్క అవుతుంది, అప్పటికింకా ఎవరో. పెద్దవాళ్లు కాఫీలు తాగుతుంటే నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. కాసేపు గాజులు సర్దుకుంది.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఆయన మీకు సొంత బావ అంట కదండీ. మరి మీరెందుకు చేసుకోలేదండీ?"

కళ్ల సంగతి వాళ్లకి ముందే చెప్పారు. ఆ అమ్మాయి అడిగేది అది కాదు. తను రేపు అడుగుపెట్టబోయే ఇంట్లో ఎవరి నీడైనా ఉందా అని అడుగుతోంది. అడగాల్సిన మాటే. నేనైనా అడిగేదాన్ని.

"నాకు ఇష్టం లేదండి. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగేం కదా, అలాంటి ఆలోచనే రాలేదు" అన్నాను.

"హమ్మయ్య" అని నవ్వేసింది. ఎంత తేలికపడిందో ఆ గొంతులోనే తెలిసింది. దగ్గరగా జరిగి కూర్చుని, "అయితే చెప్పండి, ఆయన ఎలా ఉంటారండీ? ఏవంటే ఇష్టం?" అని అడిగింది.

రెండు ముక్కలు చెప్పి ఊరుకోవాల్సింది. పనసపొట్టు కూరంటే ప్రాణం అన్నాను, ఆవ ఘాటుగా ఉండాలి. టీలో పంచదార తక్కువ. జ్వరమొస్తే చెప్పరు, మనమే ఒళ్లు పట్టుకుని చూడాలి. కోపమొస్తే అరవరు, మాట మానేస్తారు. అప్పుడు మనం బతిమాలకూడదు, పక్కన ఊరికే కూర్చుంటే చాలు, తనే మొదలుపెడతారు. సిగ్గేస్తే చెవి వెనక గోక్కుంటారు. బండి మీద వెళ్తున్నప్పుడు ఈలపాట పాడతారు, శ్రుతి ఉండదు, నవ్వకండి, నొచ్చుకుంటారు. పనిలో పడితే రెప్ప వేయరు, కళ్లు ఎర్రబడిపోతాయి, కాసేపు లేవమని మనమే చెప్పాలి. వాన పడేముందు చెయ్యి లాగుతుంది, చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు, ఎడమ చెయ్యి. పిల్లలంటే...

అక్కడ ఆపేసి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

ఆ అమ్మాయి నవ్వడం ఎప్పుడు ఆపేసిందో నేను గమనించనేలేదు. నా ఎదురుగానే కూర్చుని, సరిగ్గా నాకు కనిపించేచోట, నా మొహంలోకే చూస్తోంది.

"ఇష్టం లేదన్నారు కదండీ" అంది చాలా నెమ్మదిగా.

"ఆయ్" అన్నాను. ఏడుపు మాత్రం ఆగలేదు.