పెట్టె పెద్దసారును పిలిచిన రోజు

ఆ రోజుల్ల మా పాతబస్తీ జహనుమాల కంప్యూటర్ కోర్సు చేసిన ఆడపిల్ల అంటే సగం డాక్టర్ లెక్క. టీవీల బొమ్మ వణికినా, గోడ గడియారం ఆగినా, "పాలాయన బిడ్డ ఉన్నది గద, కంప్యూటర్ చదివింది, పిలువుర్రి" అనేటోళ్లు. నేను గూడ పొయ్యేదాన్ని. పొయ్యి, కనుబొమ్మలు ముడేసి చూసి (అది కోర్సుల నేర్పలే, నా సొంతం), "వైరస్ అయ్యుంటది" అనేదాన్ని. గడియారానికి వైరస్ ఏందని ఒక్కలు గూడ అడగలే. ఎవరన్న ఒక్కసారి అడిగినా నేను గంత పొగరుకు పోకపోదును.

అప్పుడే మా గల్లీ దగ్గరి ప్రైవేటు బడిల కంప్యూటర్ టీచర్‌గ చేరిన. టీచరునే గని పిల్లలకు కంప్యూటర్ లేదు. ఆఫీసు రూముల ఒక పాతది ఉండేది, దాన్ని పిల్లలు కిటికీలకెళ్లి చూసుడే. నేను నల్లబల్ల మీద మౌస్ బొమ్మ గీసి, దానికి తోక గీసి, పాఠం చెప్పేదాన్ని. బడి నడిపే ఆయనను అందరం పెద్దసారు అనేటోళ్లం. ఎండకాలం గూడ సఫారీ సూటు ఇడవని మనిషి. ఒకనాడు నన్ను పిలిచి, "అమ్మా, పిల్లలకు కొత్త కంప్యూటర్ తెప్పిచ్చిన. తల్లిదండ్రులందరి ముందర షురూ చేద్దాం. నడిపిచ్చేది నువ్వే. ఫంక్షన్ మంచిగైతే నీ నౌకరీ పక్కా చేస్త" అన్నడు. ఈ మాట ఇంట్ల చెప్పిన్నో లేదో, మా బాపు పాలు పోసే ప్రతి ఇంటికి క్యాన్‌తోని పాటు ఆ ముచ్చట గూడ మోసుకపోయిండు. "మా బిడ్డ మిషిన్ షురూ చేస్తది, మీరందరు రావాలె."

ఫంక్షన్‌కు ముందటి రోజు కొత్త కంప్యూటర్ పెట్టెను తుడిచి, అంతటితోని ఊకుంటె బాగుండు. కానీ పాత కంప్యూటర్ కోసం కొన్న యాంటీవైరస్ సీడీ బీరువల కనవడ్డది. దీన్ని గూడ ఎక్కిస్తె పెద్దసారు ఖుష్ అయితడని సీడీ పెట్టిన. పక్కన ఉర్దూ మేడం కూసున్నది. మేమందరం ఆపా, అంటె అక్కా, అనేటోళ్లం. పాన్ నములుకుంట అడిగింది: "బేటీ, గది పాత మిషిన్‌ది గదా. కొత్త దానికి పడ్తదా లేదా, డబ్బా మీద చూసినవా?"

"ఫికర్ మత్ కరో ఆపా, ఏం గాదు. వైరస్ మందు అన్నిటికీ ఒకటే" అన్న.

ఎక్కిస్తుంటె నడుమల తెర మీద ఇంగ్లీషుల ఒక ప్రశ్న వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్ మీ ఆపరేటింగ్ సిస్టంకు సరిపడకపోవచ్చు, ముందుకు పోవాల్నా అని. ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాం, పాత మిషిన్ల ఉన్నది వేరు, కొత్త దాన్ల వచ్చింది వేరు అని నాకు తెల్వక కాదు. పరీక్షల రాసి మంచి మార్కులు గూడ తెచ్చుకున్న. కానీ పక్కనుంచి ఆపా చూస్తుంటె "వద్దు" అని ఎట్ల నొక్కాలె? "యస్" నొక్కిన. అయిపోయినంక బంద్ చేసి మళ్ల ఆన్ చెయ్యిమన్నది పెట్టె. రేపు ఎట్లాగు ఆన్ చేస్తం గద అని బంద్ చేసి ఇంటికి పోయిన.

తెల్లారి బడి ముందర షామియానా. కంప్యూటర్‌కు బంతిపూల దండ. కొబ్బరికాయ గొట్టిండ్రు, ఆ నీళ్లు కీబోర్డు మీద పడకుంట నేను కొంగు అడ్డం పెట్టిన. ముందటి కుర్చీల బాపు, ఇస్త్రీ అంగి తొడుక్కొని, చుట్టూ తన పాల గిరాకీలను కూసోపెట్టుకున్నడు. నేను స్విచ్ ఏసిన. చప్పట్లు. తెర ఎలిగింది. మళ్ల చప్పట్లు. అంతట్ల టంగుమని ఒక చప్పుడు, తెర నడుమల ఒక సందేశం.

"ఏమంటుంది? మైకుల సదువమ్మా, అందరు ఇనాలె" అన్నడు పెద్దసారు.

నేను మైకు అందుకున్న. సదివిన, తెలుగుల గూడ చెప్పిన (గదే నేను చేసిన తప్పు): "ఈ ప్రోగ్రాం మీ ఆపరేటింగ్ సిస్టంకు సరిపడదు. మీ అడ్మినిస్ట్రేటర్‌ను కలువుర్రి."

పెద్దసారు మొఖం ఎలిగిపోయింది. బడి బోర్డు మీద ఆయన పేరు కింద రాసున్న మాట గదే మరి. సఫారీ సరిచేసుకొని పెట్టె ముందరికి వచ్చి, "అడ్మినిస్ట్రేటర్ నేనే. చెప్పు, ఏంది సంగతి?" అన్నడు. పెట్టె చెప్పలే. నేను "ఓకే" నొక్కిన. టంగ్! మళ్ల గదే సందేశం. "మళ్ల నన్నే పిలుస్తుందా?" అన్నడు. నొక్కిన కొద్ది టంగు టంగుమంట పెద్దసారునే పిలవవట్టె. ఎనుక బెంచీల పిల్లలు ముందుగాల మూతులు మూసుకొని నవ్విండ్రు, తర్వాత మూసుకోకుంటనే నవ్విండ్రు. ఆఖరుకు తెరంత నీలం రంగై ఏందేందో అక్షరాలు దిగినయి.

నేనేం చేసిన్నో నాకే అర్థం గాలే. వంగి ప్లగ్గు పీకేసిన. మైకు పట్టుకొని, మంచి గట్టిగ, "కరెంట్ పోయింది" అని చెప్పిన.

మైకు బ్రహ్మాండంగ మోగింది. షామియానా కింద పంకాలు గిరగిర తిరుగుతున్నయి. జనమంత ఒక్కసారి తలకాయలెత్తి పంకాల దిక్కు చూసిండ్రు, తర్వాత నా దిక్కు చూసిండ్రు. నేను మాత్రం బాపు దిక్కు చూడలే.

ఫంక్షన్ లడ్డూలు పంచి ముగిచ్చిండ్రు. పెద్దసారు నన్ను రూముకు పిలిచి, "తిట్టుడు తర్వాత. ముందు చెప్పు, అది నాతోని ఏం మాట్లాడాలనుకున్నది?" అని నిజంగనే అడిగిండు. సారూ, అడ్మినిస్ట్రేటర్ అంటె అండ్ల కంప్యూటర్ చూసుకునే మనిషి అని అర్థం, అది పిలిచింది నన్నే అని నేల చూసుకుంట చెప్పిన. ఆయన సఫారీ గుండీలు సదురుకున్నడు. "నిన్ను పిలుస్తుంటె నన్ను ముందటికి పంపినవా?" అన్నడు. నా నౌకరీ ఆ ఏడు పక్కా కాలే. మర్నాడు సీడీ డబ్బా ఎనుక చూస్తె, ఏ సిస్టంలకు పడ్తదో శుభ్రంగ అచ్చేసి ఉన్నది, కొత్త దాని పేరు అండ్ల లేదు. కుస్తీ పట్టి ఆ సాఫ్ట్‌వేర్ తీసేస్తె కంప్యూటర్ ఏమెరుగనట్టు లేచి కూసున్నది. పిల్లలు మాత్రం నేనా బడిల ఉన్నన్ని దినాలు నన్ను "కరెంట్ మేడం" అనే పిలిచిండ్రు.

ఫంక్షన్ నాటి పొద్దుగూకినంక బాపు వాకిట్ల క్యాన్లు కడుగుతుంటె నేను పోయి నిలవడ్డ. ఆయన ఇంకో క్యాన్ ముందటికి గుంజుకున్నడు. "బిడ్డా, మన గిరాకీలు పంకా ముచ్చట అడిగిండ్రు" అన్నడు. నేను గూడ ఒక క్యాన్ అందుకున్న. "పంకాలకు వేరే లైను ఉంటదని చెప్పిన. ఉంటది గదా?" అన్నడు. ఉంటది బాపూ అన్న. ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకోలే.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసుల ఇదే కంప్యూటర్ పని చేస్త. ఎవరన్న ఏదన్న అడిగితె, "చూసి చెప్త, రేపు చెప్త, కావొచ్చు" అనే జవాబిస్త. తెలిసినది చెప్పేటందుకు గూడ గొంతు లేవదు. అప్పుడు ఆ పిల్ల యాదికొస్తది. గంజి చీర కట్టుకొని, నెత్తి మీద పంకా తిరుగుతుంటె, ఊరందరి ముందర కరెంట్ పోయిందని చెప్పిన పిల్ల. ఇప్పటికీ సిగ్గుతోని చెవులు ఎర్రగైతయి. ఐనా, ఏం గొంతమ్మా దానిది!