బసవయ్యగారి మొదటి ముద్ద

కుక్కకి పెట్టబోయే తిండి ఏదైనా సరే, మొదటి ముద్ద బసవయ్యగారు తినాల్సిందే. ఆ తరవాతే కుక్క. ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ అయినా, పాలల్లో ముంచిన బన్ను అయినా, నా కొట్లో అమ్మే దాణా అయినా ఆయనకి ఒకటే. జగ్గయ్యపేటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పొరుగూరి వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పినా నమ్మరు కనక. అలా చెప్పకపోవడం వల్లే ఒక సాయంత్రం నా గుండె ఆగినంత పనైంది.

నాది దాణా కొట్టు. గేదెల తవుడు, కోళ్ళ మేత, ఈమధ్య కుక్కల దాణా కూడా. బసవయ్యగారు జగ్గయ్యపేట, నందిగామ మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఖాకీ బట్టలు పోయాయి గానీ భుజాన ఆ తోలుసంచీ పోలేదు. అందులో టిక్కెట్లకి బదులు బిస్కెట్లుంటాయి.

"మోజెసూ, ఆ కొత్త సంచీ విప్పు."

"అది కుక్కలదండీ."

"పెళ్ళి భోజనమని నేనన్నానా? విప్పవయ్యా."

నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని కరకరా నమిలేవారు. కోళ్ళ మేత కోసం వచ్చిన రైతులు బేరం మానేసి ఆయన దవడ వంకే చూసేవాళ్ళు.

"ఉప్పు తక్కువైంది," అనేవారు చివరికి.

ఏది తిన్నా అదే మాట. కంపెనీ మారినా, రంగు మారినా, ఉప్పు మాత్రం తక్కువే.

ఆయన భార్య రత్నమణిగారికి ఈ మాట మీదే కోపం. "ఇంట్లో ఒక్కనాడు అనడయ్యా ఆ ముక్క. ఏం పెట్టినా 'అమృతం రత్నమణీ' అని లేచిపోతాడు. కరోనా వచ్చి తగ్గాక మరీను. మొన్న పులుసులో చింతపండు మర్చిపోయా. అదీ అమృతమే. కుక్క తిండికి వంక పెడతాడు, నా వంటకి పెట్టడు. ఇందులో మర్యాద కుక్కకా, నాకా?"

"మీకేనండీ."

"ఏమో, నాకైతే అనుమానమే," అంటూ వెళ్ళిపోయేవారు.

బసవయ్యగారి కుక్కలు ఊరి చివర మూతబడ్డ జిన్నింగ్ మిల్లులో ఉంటాయి. పత్తి ఆడడం ఆగిపోయి ఏళ్ళయినా, పైకప్పు బూజులో ఇరుక్కున్న దూది ఇంకా ఒక్కో పింజా రాలుతూనే ఉంటుంది. గాలి లేనప్పుడు కూడా. రాలిన దూది నేలమీద ఆగదు. ఎవరో అడుగు వేసినట్టు అక్కణ్ణించి ఇక్కడికి జరుగుతుంది. అక్కడి కుక్కలకి గజ్జి పట్టి బొచ్చంతా రాలిపోయి, మసక వెలుతురులో చర్మం వొలిచినట్టు కనబడేవి. అంతకన్నా పెద్ద సంగతి, అవి మొరిగేవి కావు. కుక్క మొరిగితే వేసే భయం నాకు తెలుసు. మొరగకుండా చూస్తే వేసే భయం అక్కడే తెలిసింది.

మొదటిసారి ఆయన వెంట వెళ్ళినప్పుడు పొద్దు గుంకుతోంది. ఆయన పాత విజిల్ తీసి ఊదారు. తలుపుల సందుల్లోంచి, తుప్పు పట్టిన దూది బేళ్ళ ప్రెస్సు కిందినుంచి, ఒక్కొక్కటీ చప్పుడు లేకుండా వచ్చాయి. వచ్చి బళ్ళు తూచే కాటా చుట్టూ వరసగా నిలబడ్డాయి.

"జరగండి, జరగండి, ముందుకి జరగండి. డిపో మేనేజరుగారూ, ఫుట్‌బోర్డు మీంచి లోపలికి రండి. స్టూడెంటు పాసు ఎక్కడా? ఆఁ, వచ్చావా."

డిపో మేనేజరంటే చెవి తెగిన కుక్క. స్టూడెంటు పాసంటే పిల్లకుక్క. అన్నిటికీ ముందు కూర్చునే పళ్ళూడిన ముసలిదాని పేరు డ్రైవరు. ఆయన చెప్పినట్టే అన్నీ జరిగాయి. ఆయన తిండి క్యాను మూత తీశారు. ఒక్క కుక్కా క్యాను వంక చూడలేదు. అన్నీ ఆయన గొంతు వంక చూస్తున్నాయి.

ఆయన ముద్ద మింగారు. అది గొంతు దిగుతుంటే దానితోపాటే కుక్కల తలలన్నీ కలిసి మెల్లగా కిందికి దిగాయి. ఆయన కాటా మీద కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. దూదిపింజ ఒకటి వచ్చి ఆయన బట్టతల మీద వాలింది. ఆయన కదల్లేదు. కుక్కలూ కదల్లేదు. నా చేతుల మీద వెంట్రుకలు మాత్రం లేచాయి.

"ఏం చేస్తున్నారండీ?" అన్నా గొంతు తగ్గించి.

"ఆగు. బస్సింకా రాలా."

ఎంతసేపటికో హైవే మీద విజయవాడ బస్సు హారను వినబడింది. ఆయన కళ్ళు తెరిచి, "రైట్," అన్నారు. అప్పుడు గాని కుక్కలు తిండి ముట్టుకోలేదు.

దీనిమీద ఊళ్ళో రకరకాలుగా అనుకునేవాళ్ళు. అటుగా స్కూటీ మీద వెళ్ళే గ్రేసీ టీచరు అది ప్రార్థన అనేది. పత్తి దళారులు, మిల్లులో పోయినవాళ్ళెవరో ఆకలేసి ఆయన మీదికి వస్తున్నారనీ, మొదటి ముద్ద వాళ్ళదేననీ తేల్చారు. నేను ఊహలు పెట్టుకోకుండా ఆయన్నే అడిగాను.

"ముందు మీరెందుకు తింటారండీ?"

"కండక్టరు ఎక్కకుండా బస్సు కదులుద్దా?"

అంతకు మించి ఏ రోజూ చెప్పలేదు.

ఒకరోజు వచ్చి, "మా పాసింజర్లకి తిండి మార్చాలి మోజెసూ. ఫంక్షన్ల మసాలా తిని బొచ్చు నిలవట్లా. కాస్త మంచి రకం ఇవ్వు," అన్నారు.

ఇచ్చాను. ఒకేసారి మార్చకూడదనీ, పాతదాంట్లో కొత్తది గుప్పెడు కలుపుతూ మెల్లగా పెంచుకుంటూ పోవాలనీ, లేకపోతే పొట్టలు చెడతాయనీ సంచీ మీద ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను.

"ఆర్డినరీ దిగి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి మధ్యలో ఇంకో బస్సెందుకయ్యా?" అని నవ్వేసి వెళ్ళారు.

మర్నాడు నేను షట్టరు ఎత్తకముందే రత్నమణిగారి ఫోను. "మోజెస్, కుక్కలకి విరేచనాలు కట్టడానికి మందేమన్నా ఉందా?"

"ఉందండీ. కుక్క బరువెంత ఉంటుంది?"

"డెబ్భై కిలోలు. బాత్రూంలో ఉంది."

ఆ తరవాత ఆయన నా మాట విన్నారు. మొదట గుప్పెడు కొత్తది, మిగతాది పాతది, అలా పెంచుతూ వచ్చారు. తన ముద్దలో కూడా అదే లెక్కన కలుపుకున్నారు. డ్రైవరుకి పళ్ళు లేవు కనక దాణా నానబెట్టాలి. అందుకని మధ్యాహ్నమే మిల్లుకి వెళ్ళి, కాటాగదిలో అన్నిటిదీ కలిపి బకెట్లో నీళ్ళు పోసి నానబెట్టి వచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేవారు.

మెల్లగా కుక్కలకి బొచ్చొచ్చింది. ఆ సంతోషంతో వచ్చినాయన నా కొట్లో టోపీ తీసి తల వంచారు.

"చూడు. అదే దాణా, అదే బకెట్టు. నాకెందుకు రాలా?"

"మీరు తినేది ఒక్క ముద్దే కదండీ."

ఆయన కాస్త ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచన చూసి నాకు భయమేసింది.

బొచ్చు వచ్చాక కుక్కలు బాగున్నాయి గానీ మిల్లు బాగుపడలేదు. ఆ బొచ్చు మీద దూది అంటుకుని అన్నీ ఒకే బూడిదరంగుకి తిరిగాయి. పొద్దు వాలితే కుక్కలు కనబడవు. గోడ కనబడుతుంది, గోడలో కళ్ళు కనబడతాయి.

ఆ సమయంలోనే నందిగామ నుంచి చిన్నబాబు అనే కుర్ర వ్యాపారి వచ్చి మిల్లు స్థలం కొన్నాడు. ప్లాట్లు వేద్దామని రంగురంగుల జెండాలు పాతాడు. స్థలం చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ కారు దిగట్లేదు. దిగులుగా నా కొట్టుకొచ్చాడు.

"ఏం కుక్కలండీ అవి? అరవ్వు, కరవ్వు, వరసగా నిలబడి చూస్తాయి. నిన్న వచ్చినావిడ కారద్దం కూడా దించలా."

"పాపం అవేం చెయ్యవండీ."

"చెయ్యకపోవడమేనండీ నా బాధ. కరిస్తే కంప్లైంటన్నా ఇద్దును."

అతను వెళ్ళాక, నందిగామ అవతల అతని ఇంకో వెంచరు దగ్గర కుక్కలన్నీ ఒక్కసారే మాయమయ్యాయని ఎవరో అన్నారు. బసవయ్యగారికి చెప్పాను. ఆయన తోలుసంచీ సర్దుకుంటూ, "రానీ," అన్నారు. ఎవరు రావాలో చెప్పలేదు.

ఆ సాయంత్రం కొత్త సంచీ ఇవ్వడానికి నేనూ మిల్లుకి వెళ్ళాను. గేటు దగ్గర చిన్నబాబు కారుంది. ఇంజను ఆపి, అద్దాలు ఎత్తి ఉంది. లోపల ఎవరైనా ఉన్నారో లేదో తెలియట్లేదు. ఆకాశంలో ఒక్క కాకి లేదు. దూది మాత్రం రాలుతోంది.

బసవయ్యగారు కాటాగదిలోంచి బకెట్టు తెచ్చి విజిల్ ఊదారు. కుక్కలు వచ్చాయి గానీ వరస కట్టలేదు. మొట్టమొదటిసారి అవి ఆయన గొంతు వంక చూడలేదు. అన్నీ కారు వంక తిరిగి నిలబడ్డాయి. డ్రైవరు మాత్రం బకెట్టు దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కి వెనక్కి నడిచి కూర్చుంది.

"ఏం డ్రైవరుగారూ, బండి రివర్సు పోతోంది?" అంటూ ఆయన ముద్ద తీశారు. నోటి దాకా వచ్చింది.

కారు తలుపు దభీమంది. చిన్నబాబు పరుగెత్తుకొస్తున్నాడు. దూదిలో జారాడు, లేచాడు, ఒక చెప్పు అక్కడే వదిలేశాడు.

"తినమాకండి అంకుల్, తినమాకండి." వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "అది కుక్కలది కదండీ. మీరెందుకండీ తింటారు?"

"తింటే ఏమవుద్ది బాబూ?" అన్నారు బసవయ్యగారు. ఆ గొంతులో కోపం లేదు. టిక్కెట్టు తీసుకున్నావా అని అడిగినట్టుంది.

కుక్కలన్నీ ఇప్పుడు చిన్నబాబు గొంతు వంక చూస్తున్నాయి. అతను మోకాళ్ళ మీద కూలబడి, ఏ కుక్కా మూతి పెట్టకుండా బకెట్టుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"గుళికలు కలిపానండీ," అన్నాడు. పత్తి చేలో పురుగులకి వేసే మందది.

బసవయ్యగారు ముద్దని బకెట్లో వేసి, సీసా నీళ్ళతో చెయ్యి శుభ్రంగా కడుక్కున్నారు. "ఈ స్టాపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు," అన్నారు. "బస్టాండులో నాకో కుక్కుండేది. ఆఖరి ట్రిప్పు దిగేసరికి తోకాడిస్తూ నిలబడేది. ఒకరోజు నిలబడలా. ఎవరో బన్నులో మందు పెట్టారు. కుక్కకి పెట్టేవాళ్ళు ఉంటారు బాబూ, బసవయ్యకి పెట్టేవాడు ఉండడు. అందుకే ముందు ముద్ద నాది. ఊరంతా ఎరుగుదురు గనక ఎవరూ ఆ పని చెయ్యరు. నువ్వు నందిగామవాడివి, పాపం నీకెవరూ చెప్పలా."

"మరి ఆ విజయవాడ బస్సు?" అన్నా నేను.

"లోపలికి దిగింది పని చెయ్యడానికి టైం పట్టుద్ది కదయ్యా. బస్సు పోయేదాకా నేను బాగుంటే వాళ్ళూ బాగుంటారు."

ఆ తిండిని లోతుగా పూడ్చిపెట్టాం. గొయ్యి తవ్వింది చిన్నబాబే, ఒంటి చెప్పుతో. కుక్కలు వరసగా కూర్చుని పని చూశాయి. పైన బండ పెట్టాక బసవయ్యగారు అతని భుజం తట్టి, "రేపట్నించి మొదటి ముద్ద నీది," అన్నారు. అతను కాదనలేకపోయాడు. అన్ని కళ్ళ మధ్య ఎవరూ కాదనలేరు.

ఇంటికొస్తూ నాకో సందేహం వచ్చింది. "మీకు రుచి బాగా తెలుసుగా. నోట్లో పెట్టగానే ఉమ్మేద్దురు లెండి."

"రుచెక్కడిది నా మొహం. కరోనాతోనే పోయింది నాలిక. ఉప్పనో కారమనో ఏదో ఒకటి అనకపోతే నేను తింటున్నానని జనం నమ్మరని అంటున్నా. మా ఆవిడకి చెప్పమాకు. అమృతమంటే సంతోషపడుద్ది."

మర్నాడు పొద్దున్నే రత్నమణిగారు వచ్చారు. నేను మొహం దాచుకుని తవుడు తూస్తుంటే ఆవిడే అన్నారు. "నాలిక సంగతి చెప్పాడా? నాకెప్పుడో తెలుసు. ఉప్పు లేకుండా పప్పు పెట్టి చూశాలే. ఆయనతో అనమాకు. నేను నమ్ముతున్నానని సంతోషపడతాడు."

ఆ సాయంత్రం చిన్నబాబు కాటా మీద కూర్చున్నాడు. స్థలం చూడ్డానికి వచ్చిన కారొకటి గేటు దగ్గర ఆగి ఉంది. కుక్కలు వరస కట్టి అతని గొంతు మీద కళ్ళు పెట్టాయి. అతను కళ్ళు గట్టిగా మూసుకుని ముద్ద మింగాడు. కుక్కల తలలన్నీ మెల్లగా కిందికి దిగాయి. కారద్దం కూడా మెల్లగా కిందికి దిగింది.

"ఎలా ఉంది బాబూ?" అన్నారు బసవయ్యగారు.

చిన్నబాబు నాలుక చప్పరించి ఆలోచించాడు. "ఉప్పు తక్కువైందండీ."

బసవయ్యగారు నా వైపు తిరిగారు. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"విన్నావా మోజెసూ? మొదట్నించీ చెబుతూనే ఉన్నా. నువ్వే నమ్మలా."

హైవే మీద బస్సు హారను మోగింది.

"రైట్," అన్నారాయన.