పుట్టిన తేదీ గడి

పుల్లలచెరువు మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామోపాధ్యాయుడిగా చేరింది జూన్ పదమూడో తేదీ ఉదయం. ఆ మండలానికి బదిలీ కావడం అది రెండోసారి. ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్ళు ఉన్నాయి.

ఆ ఏడాది సంగతి ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న నా ఫోన్‌కు వచ్చిన ఒక పట్టిక. పశ్చిమాఫ్రికా దేశాల మహిళల ఫుట్‌బాల్ పోటీలో ఆడిన జాతీయ జట్ల జాబితాలు అందులో ఉన్నాయి. పంపింది అంకమ్మ. ఆ ఏడాది మా బడి బాలికల జట్టుకు గోల్‌కీపర్. ఇప్పుడు గోల్‌కీపర్లకే శిక్షణ ఇస్తున్నది. పట్టికలో ఒక్కొక్క క్రీడాకారిణికి ఒక వరుస: చొక్కా నంబరు, ఆడే స్థానం, పేరు, పుట్టిన తేదీ. నేను పేర్ల జోలికి పోకుండా ముందు పుట్టిన తేదీ గడే చూశాను. కొందరికి తేదీ ఉంది. కొందరికి సంవత్సరం మాత్రమే ఉంది. కొందరికి ఆ గడి ఖాళీ.

జట్టు జాబితా అనేది బయటివాళ్ళు అనుకునేంత తేలిక పని కాదు. పోటీ మొదలు కాకముందే పేర్లన్నీ రాసి ఇవ్వాలి. ఇచ్చాక మార్చడానికి దాదాపు వీలుండదు. మా బడి పోటీలకూ పద్ధతి అదే. పద్దెనిమిది పేర్లు, అందులో ఇద్దరు గోల్‌కీపర్లు తప్పనిసరి. ప్రతి పేరుకూ ఒక అర్హత పత్రం. అందులో పుట్టిన తేదీని బడి అడ్మిషన్ రిజిస్టరు చూసి రాయాలి, దాని మీద ప్రధానోపాధ్యాయులు సంతకం చేయాలి. పదిహేడేళ్ళ లోపు విభాగమంటే ఆ డిసెంబరు ఆఖరుకు పదిహేడు నిండకూడదు. కొన్ని మండలాలు కలిపి జరిపే జోన్ పోటీలో బాగా ఆడినవాళ్ళను జిల్లా జట్టుకు తీసుకుంటారు.

ఆ ఏడు మా జట్టు బలమంతా అంకమ్మ. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. మంద చెదరకుండా అటూ ఇటూ ఉరికిన కాళ్ళు కాబట్టి గోల్ ముందు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పనక్కరలేదు. పదో తరగతి. అక్క మల్లేశ్వరి కూడా అదే తరగతిలో ఉండేది. వాళ్ళమ్మ కాశమ్మ ఆగస్టులో ఒకరోజు బడికి వచ్చి, నన్ను చెట్టు కిందకు పిలిచి మాట తేల్చింది.

"సారూ, జిల్లా టీములో దీని పేరొస్తే ఇంటరుకు పంపిస్తా. రాకపోతే పది కాంగానే మందెనక పోవాల్సిందే. మా ఆయన ఒక్కడూ తోలలేకపోతా ఉండాడు. తర్వాత నన్ను అడగొద్దు."

నేను సరేనన్నాను. పేరు వస్తుందని నాకు అనుమానం లేదు.

జాబితా ఇవ్వడానికి ఎనిమిది రోజులు ఉందనగా అర్హత పత్రాలు నింపడానికి కూర్చున్నాను. ప్రధానోపాధ్యాయురాలు సువార్తమ్మ గారు రిజిస్టరు తెరిచి తేదీలు చదువుతుంటే నేను రాస్తున్నాను. అంకమ్మ వరుస దగ్గర ఆమె ఆగారు. జూన్ ఒకటి. ఆ సంవత్సరాన్ని బట్టి లెక్క వేస్తే అంకమ్మకు అప్పటికే పదిహేడు దాటాయి. పై వరుసలో మల్లేశ్వరికీ అదే తేదీ, అదే సంవత్సరం.

"వీళ్ళు కవలలా సార్?" అని ఆమె అడిగారు.

కాదు, అక్కకూ చెల్లికీ మూడేళ్ళ తేడా అన్నాను. ఆమె రిజిస్టరుకు జతచేసి ఉన్న పాత నమోదు పత్రాన్ని పైకి తీసి, నేను అంతవరకు నింపిన ఫారాల పక్కన పెట్టారు.

"ఈ దస్తూరి మీదే కదా" అన్నారు.

నాదే. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఏడేళ్ళ కిందటి డైరీ తీశాను. అప్పట్లో బడికి రాని పిల్లలను చేర్పించే డ్యూటీ మీద ఆ మండలం అంతా తిరిగాను. మందలతో వలస పోయే ఇళ్ళ పిల్లలకు ఒక హాస్టల్ ఉండేది, పదేళ్ళు నిండినవాళ్ళనే చేర్చుకునేవారు. మల్లేశ్వరికి పదేళ్ళు, అంకమ్మకు ఏడు. చిన్నదాన్ని వదిలి పెద్దది ఒక్కటే రాదని కాశమ్మ పట్టుబట్టింది. డైరీలో ఇట్లా ఉంది: "ఇద్దరికీ ఒకే తేదీ వేశాను. సీట్లు దొరికాయి. మంచి పని జరిగింది." ఇద్దరినీ మూడో తరగతిలో వేశారు. ఆ తర్వాత నాకు వేరే మండలానికి బదిలీ అయింది. ఆ పని నా మనసులోంచి పూర్తిగా పోయింది.

మర్నాడు పక్క మండలం పీఈటీ ఒకాయన ఫోన్‌లో నవ్వేశాడు. "ఏందన్నా నువ్వు. ఫారం మీద అసలు సంవత్సరం ఏసి పంపు. రిజిస్టరు ఎవురు తెప్పించి చూస్తారు?" అన్నాడు. సువార్తమ్మ గారిని ఆ మాట అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆమే అన్నారు: "ఆధారం తెండి, తెచ్చిన రోజే దిద్దుబాటుకు పై ఆఫీసుకు రాస్తాను. ఆర్డరు వచ్చేదాకా మాత్రం రిజిస్టరులో ఉన్న తేదీకే సంతకం పెడతాను."

ఆధారం అంటే జనన ధ్రువపత్రం. అది రావాలంటే అంకమ్మ ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తెలియాలి. కాశమ్మ ఇంటికి పోయాను.

"ఎప్పుడంటే ఏం చెప్పేది సారూ. కనిగిరి పక్క మంద తోలుకపోయినప్పుడు పుట్టింది. నొప్పులొస్తే సంతకొచ్చిన ట్రాక్టరెక్కించి ఆస్పత్రికి పంపినారు. రెండో రోజుకే మందకాడికొచ్చినా."

సంవత్సరం అడిగాను. తెలియదన్నది. నెల అడిగాను. తెలియదన్నది. ఆ రోజుల్లో గొర్రెలను ఏం చేస్తున్నారని అడిగాను. దానికి వెంటనే జవాబు వచ్చింది.

"పొట్టేళ్ళు అమ్మినాం. బక్రీదు ముందర కదా, మంచి ధర పలికింది. మా ఆయన పొట్టేళ్ళ బేరంలో ఉండి ఆస్పత్రికి రానేలేదు. ఇప్పటికీ దెప్తా ఉంటా."

మిగిలిన పని డైరీలు చేశాయి. బక్రీదు సెలవు ఏ ఏడు ఏ తేదీన వచ్చిందో నా దగ్గర రాసి ఉంది. మల్లేశ్వరి అప్పటికి మందెనక నడిచే వయసుదన్న కాశమ్మ గుర్తును బట్టి రెండు సంవత్సరాలు మిగిలాయి. ఆ రెండేళ్ళలో బక్రీదుకు ముందు రెండు వారాల తేదీలు కాగితం మీద రాసుకున్నాను. ఆస్పత్రిలో పాత రిజిస్టర్లు తీయించాలంటే నెల, సంవత్సరం చెప్పాలి. ఊరికే వెతకమంటే ఏ ఆఫీసులోనూ వెతకరు.

కాశమ్మను వెంటబెట్టుకుని మార్కాపురంలో బస్సు మారి కనిగిరి పోయాను. కొనకనమిట్ల దాటాక ఆమె కిటికీలోంచి ఒక బీడు చూపించి, మంద అక్కడే నిలిపినామన్నది. ఆస్పత్రిలో గుమస్తా మొదటి సంవత్సరం ప్రసూతి రిజిస్టరు తీశాడు. లేదు. రెండో సంవత్సరం, ఫిబ్రవరి, పండగకు ఆరు రోజుల ముందు వరుసలో కాశమ్మ పేరు, భర్త పేరు, ఊరు, ఆడశిశువు అని ఉన్నాయి. నేను చదివి వినిపించాను. ఆమె వేలు ఆ పేరు మీద పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇన్నేండ్లు నా పేరు ఈడ దాచిపెట్టినారా? నాకే తెలియకపాయె" అన్నది గుమస్తాతో.

ఆయన నవ్వి, దాచలేదమ్మా, నువ్వే రాలేదు అన్నాడు.

బిడ్డ పేరు చేర్చే దరఖాస్తుకు ఇంకోసారి, ధ్రువపత్రం తీసుకోవడానికి మరోసారి పోయాం. ఏడో రోజు మధ్యాహ్నం పత్రం చేతికి వచ్చింది. అదే రోజు సువార్తమ్మ గారు దిద్దుబాటు ప్రతిపాదన తయారు చేశారు. నేను వేసిన తప్పు తేదీ గురించి నా వాంగ్మూలం కూడా జతచేశారు. దాంట్లో హాస్టల్ నియమం, కాశమ్మ పట్టుదల, నా చేతిరాత మూడూ ఉన్నాయి. జాగ్రత్తగా ఆలోచించుకోండి, మీ సర్వీసు మీదికి వస్తుంది అని ఆమె ఒకసారి హెచ్చరించారు. సంతకం పెట్టాను.

ఆర్డరు ఒక్క రోజులో రాదు. ఎనిమిదో రోజు ఉదయం జాబితాలో అంకమ్మ పేరు కొట్టేసి, రెండో గోల్‌కీపర్ మేరీని మొదటి స్థానానికి మార్చాను. రెండో కీపర్‌గా వెనక వరుసలో ఆడే ఒక పిల్లను పెట్టాను. జట్టునంతా మైదానంలో కూర్చోబెట్టి, తప్పు ఎవరిదో, ఎందుకు జరిగిందో చెప్పాను. అంకమ్మ, జట్టులో లేకపోయినా పక్కన నిలబడి వింటున్న వాళ్ళక్క వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నీతో సమానమని ఎగిరినా. ఇప్పుడు మళ్ళీ చిన్నదాన్నైనా" అన్నది. మల్లేశ్వరి, "అయితే ఇంకమీద నేను చెప్పినట్టు ఇను" అన్నది. పిల్లలు నవ్వారు. అంకమ్మ నవ్వలేదు. లేచి మేరీని గోల్ దగ్గరకు తీసుకుపోయింది. పోటీకి ఇంకా ఐదు రోజులుంది. ఆ ఐదు రోజులూ బడి గంట తర్వాత మేరీకి బంతులు వేసింది తనే.

జోన్ పోటీల్లో సెమీఫైనల్లో ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. మేరీ తనకు చేతనైనంత బాగా ఆడింది. ఆ గోల్ అంకమ్మ ఆపి ఉండేదా అని తర్వాత చాలామంది అడిగారు. ఆపి ఉండేదనే నా అభిప్రాయం. జిల్లా జట్టుకు మా బడి నుంచి ఎవరినీ తీసుకోలేదు.

రిజిస్టరు దిద్దమన్న ఆర్డరు నేను ఆ గడి చూసిన ముప్పై ఒకటో రోజున వచ్చింది. దాంతోపాటు సంజాయిషీ అడుగుతూ నాకు ఒక మెమో కూడా వచ్చింది, జవాబు ఇచ్చాను. ఆర్డరు నకలు తీసుకుని కాశమ్మ దగ్గరకు పోయాను. జిల్లా టీములో పేరు రాలేదని ముందే చెప్పేశాను. అసలు వయసు ప్రకారం పిల్లకు ఇంకా రెండేళ్ళు ఆ విభాగంలోనే ఆడే అర్హత ఉందని, ఇంటరు కాలేజీ తరఫున ఆడవచ్చని వివరించాను. ఆమె నకలును మడిచి, రేషన్ కార్డు పెట్టుకునే కవరులో పెట్టింది.

"మూడు మాట్లు కనిగిరి తిప్పినావు సారూ. అంత తిరిగి తెచ్చిన కాయితం ఇంట్లో పడుంటే ఏం లాభం. పంపిస్తాలే. మా ఆయనకు నేను చెప్పుకుంటా."

అంకమ్మ మార్కాపురంలో ఇంటరులో చేరింది. మరుసటి ఏడు జిల్లా జట్టుకు ఆడింది. అప్పుడు అర్హత పత్రం మీద తేదీని రిజిస్టరుతో సరిచూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పక్క మండలం పీఈటీ చెప్పినట్టు ఫారం ఒక్కటే మార్చి పంపి ఉంటే, ఆ రోజు రిజిస్టరులో పాత తేదీయే కనిపించేది. విరమణ లోపు పాత డైరీలు వెతికి, చేర్పించే డ్యూటీలో నేను జూన్ ఒకటి అని వేసిన పిల్లల్లో ఇంకా చదువుతున్నవాళ్ళ తేదీలు కూడా దిద్దించాను.

మొన్న పట్టిక కింద అంకమ్మ ఒక వాక్యం రాసింది: "సార్, వీళ్ళ ఊళ్ళలో కూడా మీలాంటి సారు ఒకాయన తిరిగినట్టుండాడు." నాలాంటివాడు తిరిగి ఉంటే ఏ గడీ ఖాళీగా ఉండేది కాదని జవాబు రాశాను.

ఆ ఏడాది నేర్చుకున్నది ఇది. తెలియని తేదీని తెలిసినట్టు రాయకూడదు, మంచి కోసమైనా సరే. గడిని ఖాళీగా వదిలి, ఎందుకు వదిలామో పక్కన రాయాలి. ఖాళీ గడిని తర్వాత ఎవరైనా నింపగలరు. నేను నింపిన గడిని మార్పించడానికి నాకు ముప్పై ఒక్క రోజులు పట్టింది. అంకమ్మకు ఒక ఏడాది ఆట పోయింది.