కరెంటే లేకపాయ, ఏమాపేది?

ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు మొండి చుట్టం లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చాక ఎంతసేపుంటుందో చెప్పదు, పోయేటప్పుడు అసలే చెప్పదు. అటువంటి చుట్టం కోసం తలుపు తెరిచి పెట్టుకోవాలి కదా! అందుకని బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ స్విచ్చులు ఆపేవారు కాదు. బావి దగ్గర మోటారు స్విచ్చు వేసే ఉండేది, ఇంట్లో బల్బు స్విచ్చు వేసే ఉండేది. బల్బు వెలిగితే కరెంటు వచ్చినట్టు, ఆరిపోతే పోయినట్టు. మధ్యలో మన చేతికి పనేముంది? ఈ కాలపు పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. నవ్వనీ. వీళ్ళు మాత్రం ఏం వెలగబెడుతున్నారు? సెల్‌ఫోను ఛార్జింగుకు పెట్టి దిండు కింద దోపుకొని పడుకుంటారు. ఒక్క ప్లగ్గు పెట్టెకే కూలరూ మిక్సీ టీవీ తగిలించి, అది వేడెక్కి కమురు వాసన కొడుతుంటే అగరుబత్తి వెలిగిస్తారు. (ఇది కల్పన కాదు, మా ఇంట్లోనే జరిగింది. ఎవరు చేశారో రాస్తే రేపు నాకు కాఫీ దొరకదు.)

నేను బడి మధ్యలోనే మానేసినవాణ్ణి. కానీ స్తంభమెక్కిన లైన్‌మన్‌ను కింద నిలబడి చూసీ చూసీ, ఎవరో పారేసిన మోటారు రిపేరు పుస్తకంలో బొమ్మలు తిరగేసీ, మీసాలు రాకముందే కరెంటు విద్య నేర్చేశానని అనుకున్నాను. వీధిలో నన్ను ‘కరెంటు పంతులు’ అనేవారు. అది ఎగతాళి అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ పేరు నిలబెట్టుకోవాలనే, గుంతకల్లులో పాత సామాన్ల అంగడి నుంచి ఒక ఇస్త్రీ పెట్టె తెచ్చాను. దానికి తీగ ఉంది గానీ ప్లగ్గు లేదు. ప్లగ్గు లేకపోతే నాబోటి పంతులు ఆగుతాడా? తీగ రెండు కొసలూ చాకుతో గీకి, గోడకున్న బోర్డు రంధ్రాల్లో దోపి, కదలకుండా చెరొక అగ్గిపుల్ల బిగించాను. నిప్పు రాకుండా ఆపవలసిన చోట అగ్గిపుల్ల పెట్టడంలో ఏదో తిరకాసు ఉందని ఆనాడు ఎవరికీ తోచలేదు. అందరూ అలాగే చేసేవారు.

ఇక బట్ట పరచడానికి బల్ల కావాలి. మా ఇంట్లో బల్ల లేదు, విత్తనం మూటలున్నాయి. ఆ సంగతి కొంచెం చెప్పాలి. ముందటేడు పండిన సెనిక్కాయల్లో, అంటే వేరుశనగల్లో, మంచివి ఏరి, గోతాల్లో కట్టి, నడింట్లో గోడవార పేర్చేవాడు మా నాయన. ఎలుక ముట్టకూడదు, చెమ్మ తగలకూడదు, చుట్టాలొచ్చినా ఒక్క కాయ ఒలిచి పెట్టకూడదు. వాన పడిన రోజు భూమిలో పదును ఆరకముందే విత్తనం పడాలి. ఆ వేళకు చేతిలో విత్తనం లేనివాడు ఎవరి గడప తొక్కినా దొరకదు, ఎందుకంటే అందరికీ అదే రోజు కావాలి. కాబట్టి ఆ మూటలంటే మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి. వాటి మీద బొంత పరిచి, బొంత మీద నా టెర్లిన్ చొక్కా పరిచి ఇస్త్రీ చేసేవాణ్ణి. ఎత్తు సరిగ్గా నడుము దాకా వచ్చేది. ఆ మూటలు ఇస్త్రీ కోసమే పుట్టాయనిపించేది.

వజ్రకరూరులో స్నేహితుడి పెళ్ళికి మరుసటి రోజు ప్రయాణం. సాయంత్రం పూట చొక్కా మీద పెట్టె ఆనించి రెండుసార్లు రుద్దానో లేదో, బయట దుమ్ముగాలి లేచింది, బల్బు ఆరిపోయింది. (మా వైపు గాలి వీస్తే ముందు పోయేది కరెంటు, తర్వాతే ఇంటి మీది రేకులు.) వెంటనే వీధిలోంచి ఎదురింటి అత్త గొంతు వినిపించింది.

“ఓమ్మా, మోడం పట్టినాది సూడండే! చినుకులు పడతాండాయి!”

మృగశిర వచ్చినా అంతవరకూ చుక్క రాలలేదు. ఆ కేక విన్నవాడు చేతిలో అన్నం ముద్ద ఉన్నా వదిలేసి పోతాడు. అమ్మ పోయింది. నాయన పోతూ పోతూ, ఎందుకనిపించిందో గడప దగ్గర ఆగి నన్ను అడిగాడు.

“ఆ పెట్టె స్విచ్చి ఆపినావేమిరా?”

“కరెంటే లేకపాయ, ఏమాపేది నాయనా?” అన్నాను, విద్య తెలిసినవాడు తెలియనివాడితో మాట్లాడినట్టు. పెట్టెను చొక్కా మీద అలాగే వదిలేసి నేనూ పరుగెత్తాను.

వీధంతా జాతరలా ఉంది. నీళ్ళ బండి వచ్చినప్పుడు కడవల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఆకాశం వైపు నోరు తెరిచారు. పెద్ద పెద్ద చినుకులు ఎర్రమట్టిలో దబ్ దబ్‌మని పడుతున్నాయి. నాయన అప్పుడే మట్టిలో వేలు గుచ్చి పదును చూస్తున్నాడు. పక్కింటి సైకిలంగడి భాయి గడ్డం తడవనిస్తూ “అల్లా దయ, ఈతూరి ఇడవకుండా కురిసేట్లుండాది” అంటున్నాడు. అంతలో వీధి దీపం భగ్గున వెలిగింది. “కరెంటొచ్చె!” అని అందరికన్నా ముందు అరిచింది నేనే. అరిచి, చప్పట్లు కొట్టి, మళ్ళీ ఆకాశం వైపు తిరిగాను.

కాసేపటికి గాలిలో ఒక కమ్మని వాసన. తొలకరి మట్టి వాసన కాదు, ఇంకేదో నోరూరించే వాసన. నేనూ రెండు మూడుసార్లు ఎగబీల్చాను. సైకిలంగడి భాయి మా అమ్మ వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు.

“ఏమక్కా, వాన పడిండాదని సెనిక్కాయలు ఏంచుతాండారా? వాసనే ఇంత బాగుంటే కాయ ఎంత బాగుంటాదో! మాకూ ఓ దోసెడు పంపించండి.”

“మేమెవురమూ ఇంట్లో లేమే భాయ్, అందరమూ ఈడనే ఉండాము కదా...” అంటూనే అమ్మ ముఖం పాలిపోయింది. మా తలుపులోంచి తెల్లటి పొగ తాపీగా వీధిలోకి వస్తోంది.

లోపలికి ఉరికాం. చొక్కా లేదు. చొక్కా ఉన్నచోట పెట్టె ఆకారంలో నల్లటి గుంట, దాని చుట్టూ బొంత రాజుకుంటోంది, పై మూటలోని కాయలు పటపటలాడుతున్నాయి. స్విచ్చు బోర్డు మూటల వెనక, పొగలో. నేను చేసిన మొదటి పని తాగే నీళ్ళ కడవ ఎత్తడం. (కరెంటు ఉన్నచోట నీళ్ళు పోయకూడదని ఆ రిపేరు పుస్తకంలో పుర్రె బొమ్మ వేసి మరీ చెప్పారు. పంతులుకు ఆ క్షణాన పుర్రె గుర్తు రాలేదు.) నన్ను కాపాడింది నా విద్య కాదు, మా ఊరి నీళ్ళ కరువు. అమ్మ వచ్చి కడవ అంచు పట్టుకుంది.

“ఒద్దురా! తాగేకి ఉండేది ఇదొక్క కడవే! ఎదురింట్లో తొట్టి నిండా ఉండాయి, ఆడ ముంచుకో పో!”

“మా తొట్టి నీళ్ళు యాలమ్మా?” గడపలోంచి ఎదురింటి అత్త అంది. “కాలేది మీ ఇల్లు, మీ నీళ్ళే పోసుకోండి. రేపు మా ఎనుములకు నువ్వు తెచ్చిస్తావా?”

“మంట నీ కొట్టానికి తగులుకుంటే అప్పుడు సూస్తాములే నీ ఎనుములు!”

“అయ్యో, ఇద్దురూ గమ్మునుండండమ్మా!” అని మొత్తుకుంటున్నాడు భాయి. నేనొక వైపు, అమ్మ ఒక వైపు, మధ్యలో కడవ. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. ఆ గుంజులాట లేకపోతే నేను నీళ్ళు విసిరేవాణ్ణి, ఈ కథ ఇంకెవరో రాయవలసి వచ్చేది.

అంతలో “నీళ్ళొద్దు, తీగ పీకల్ల!” అని నాయన అరిచాడు. అమ్మ చప్పున కడవ వదిలి (నేను దానితో సహా వెనక్కి కూర్చుండిపోయాను), మూలనున్న రోకలి అందుకుని, వేలాడుతున్న తీగను ఒక్క పోటు పొడిచింది. అగ్గిపుల్లలు ఎగిరిపోయాయి, రెండు కొసలూ ఊడి కింద పడ్డాయి. ఆ తర్వాత నాయన, భాయి కలిసి పై మూటను వీధిలోకి ఈడ్చి, ఎర్రమట్టి దోసిళ్ళతో కప్పి ఆర్పారు. మట్టి పొడిగానే ఉంది. వాన ఎప్పుడో నిలిచిపోయింది. మేము లోపల కొట్లాడుకుంటుండగా మోడం కర్ణాటక వైపు తరలిపోయింది.

పై మూట ఇక దేనికీ పనికిరాదు. సగం బొగ్గు, సగం వేపుడు. వేపుడును వీధివాళ్ళు ఊరడింపుల మధ్య ఒలుచుకు తిన్నారు. ఎదురింటి అత్త కూడా తిన్నది. “ఉప్పు తక్కువైనాది” అన్నది. అసలు దిగులు కింది మూటలది. పైకి చూస్తే కాయలు బాగానే ఉన్నాయి, కానీ ఎంత వేడి తగిలిందో ఎవరికి తెలుసు? లోపల విత్తు చచ్చి ఉంటే, నాటాక గానీ బయటపడదు. అప్పటికి పదునూ పోతుంది, కాలమూ పోతుంది. నాయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ప్రతి మూట నుంచీ పిడికెడు కాయలు ఒలిచి, తడి గుడ్డలో విడివిడిగా చుట్టి, కుండలో పెట్టి మూత వేశాడు. రోజూ అమ్మ మంచినీళ్ళ కడవలోంచే కొంచెం తీసి ఆ గుడ్డల మీద చిలకరించేది. నేను పెళ్ళికి పోలేదు. చొక్కా లేదని చెప్పాను గానీ, ఆ కుండను వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు.

ఒక ఉదయం నాయన గుడ్డలు విప్పి పిలిచాడు. గింజ గింజకూ తెల్లటి మొలక, పసిపిల్ల పాలపన్నులా. ఒక్కటో రెండో తప్ప అన్నీ వచ్చాయి. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయన వాటిని చూసి, తర్వాత నన్ను చూశాడు.

“సెనిక్కాయలు గట్టివిరా. ఇంత కాల్చినా మొలిచినాయి. నీ తలకాయ ఎన్నాళ్ళు నానబెడితే మొలుస్తాదో!”

కరెంటు పంతులు అనే పేరు ఆ తర్వాత వీధిలో వినపడలేదు. ‘ఏంపుడు పంతులు’ అన్నారు కొన్నాళ్ళు. ఆ ఏడు పంట వచ్చింది. ఎంత వచ్చిందని అడగకండి, మా జిల్లాలో ఆ ప్రశ్న మర్యాద కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎన్ని స్విచ్చులున్నాయో నాకే తెలియదు. కానీ మబ్బు పట్టిందంటే వాటన్నిటి మీదా నాకే పెత్తనం. చినుకు చప్పుడు వినగానే మా కోడలూ మనవళ్ళూ కేకలు వేస్తూ మిద్దె మీదికి పరుగెడతారు. నేను వాళ్ళకు ఎదురుగా ఇంట్లోకి పరుగెడతాను. ఇస్త్రీ పెట్టె, హీటరు, మిక్సీ, దిండ్ల కింది ఛార్జర్లు, అన్నీ ఒక్కొక్కటిగా పీకి, చేత్తో తడిమి చల్లగా ఉన్నాయో లేదో చూసుకుంటాను. ఈ మోకాళ్ళతో అదంతా అయ్యేసరికి వాళ్ళు తడి తలలు తుడుచుకుంటూ దిగి వస్తుంటారు.

“యాడికి పోయింటివి మామా? ఎంత బాగా కురిసినాదో! నువ్వు చూడనే లేదు!” అంటుంది కోడలు.

చూడలేదు. ఈ మెట్టనేల మీద బతుకుతూ, ఆ సాయంత్రం తర్వాత ఇన్నేళ్ళలో తొలకరి చినుకు మళ్ళీ నెత్తిన పడనివాడు బహుశా నేనొక్కణ్ణే ఉంటాను. వాళ్ళంతా లోపలికి పోయాక మెల్లగా వాకిట్లోకి వచ్చి, చూరు చివర ఇంకా వేలాడుతున్న చుక్కల కింద అరచెయ్యి పడతాను. నాలుగైదు పడతాయి. నా వంతుకు అవి చాలు.