సాయమ్మ మింగిన గోళీలు

ఇటిక్యాలలో ఆడపిల్లల వసతిగృహానికి వంట చేసే సాయమ్మ, అంతకుముందు పెనిమిటితో బొంబాయి, పుణె తిరిగి, మేస్త్రీ కింద పనిచేసే కూలీలందరికీ జొన్నరొట్టెలు కొట్టిన మనిషి. తన చేతి కూడు తిని ఎవరూ మంచం పట్టలేదన్నదే ఆమె గర్వం. నిరుడు వానకాలం కొందరు పిల్లలకు టైఫాయిడ్ సోకి, అనుమానం వంటగది మీదికి మళ్లినప్పుడు ఆ గర్వానికే ఎసరు వచ్చింది.

వార్డెన్ రేఖ ఆమెకు ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్ష చేయించింది. టైఫాయిడ్ ఉందని వచ్చింది. ఎన్నడో వచ్చిపోయిన జ్వరానికి కూడా ఆ పరీక్ష అలాగే పలకవచ్చునని ఎవరూ ఆలోచించలేదు. అనుమానాన్ని రుజువుగా చలామణి చేయడానికి మనకంత తొందర!

"మలపరీక్షల క్రిమి లేదని తేలేదాక వంటింట్లకు రాకు, సాయమ్మా," అన్నది రేఖ.

సాయమ్మ నమూనా డబ్బాతో గద్వాల దవాఖానకు వెళ్లింది. ల్యాబ్ టెక్నీషియన్ హుమేరా ముందుగా అడిగింది: "మందులేమన్న మింగినవా, పెద్దమ్మా?"

"మింగకుంటె ఎట్ల, బిడ్డా? పరీక్షల పాస్ కావాలె గద. మా ఊరి ఆరెంపీ డాక్టరు దగ్గర గోళీలు తెచ్చుకున్న."

హుమేరా నవ్వాపుకొన్నది. "గిన్నె తోమి తెచ్చి, ఇందుల ఏం వండిననో చెప్పుమంటే నేనెట్ల చెప్త?"

"అయితే తోమకుండ తేవాల్నా?"

"అవ్, గట్లనే తేవాలె."

డాక్టరు సలహాతో గోళీలు ఆపి, వాటి ప్రభావం పోయేదాకా సాయమ్మ ఇంటి దగ్గర ఆగింది. పొరుగువాళ్లు పలకరిస్తే ముఖం తిప్పుకొన్నది. ఆ తర్వాత తెచ్చిన నమూనాను హుమేరా, క్రిములకు ఆహారం పోసిన పళ్లెంలో గీసి వెచ్చని పెట్టెలో ఉంచింది. ఒక్కదానితో తీర్పు చెప్పడం న్యాయం కాదని మళ్లీ మళ్లీ తెప్పించింది. ప్రతిసారీ గులాబీ రంగు చుక్కలే మొలిచాయి.

"ఇవన్నీ నా కడుపులయ్యేనా?" సాయమ్మ బిక్కమొహం వేసింది.

"నా కడుపుల గూడ ఉంటయ్. టైఫాయిడ్ క్రిమైతే రంగు లేకుండ పెరుగుతది. నీకు లేదు, పెద్దమ్మా."

సాయమ్మ ఆ మాటనే రేఖకు ఫోనులో చెప్పమన్నది. హుమేరా చెప్పింది.

"తాగే నీళ్ల పైపు పగిలి మురికి కలిసిందంట, నిన్ననే తెలిసింది," అన్నది రేఖ. "రేపు పొద్దున రమ్మని చెప్పు."

సాయమ్మ ఫోను లాక్కున్నది. "రేపెందుకు, మేడం? రాత్రికి పిల్లలకు ఎవరు వండుతుండ్రు?"

చీకటి పడకముందే ఇటిక్యాల బస్సెక్కింది.