ఎస్కార్ట్: అవసరం లేదు

వీధికి ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడే ఉన్న ఆ రోజుల్లో, వాడికి రాని ఇంగ్లీషు మాటలు కూడా వచ్చినట్టే లెక్క. శ్రీరాంపూర్ గని క్వార్టర్లలో మా లైనుకు ఆ ఒక్కణ్ణి నేను. గని ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. (జేబులో రెండు పెన్నులు పెట్టుకునేవాణ్ణి. ఒకటి రాసేది కాదు.) మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపు ఆ గనిలోనే బొగ్గు తవ్వేవాడు. ఆయనకు ఒక కంట్లో శుక్లం ముదిరి, రెండో కన్నూ మసకబారడంతో డిస్పెన్సరీవాళ్ళు హైదరాబాదు ఆసుపత్రికి పంపుతూ ఒక ఫారం ఇచ్చారు. కాంపౌండరు ఎదుటే నిలబడి నింపాను. చివరి గడిలో ఎస్కార్ట్ అవసరమా, కాదా అని ఇంగ్లీషులో ఉంది. ఆ మాట నాకు మంత్రుల కార్ల ముందూ వెనకా పోయే పోలీసు జీపుల వల్లే తెలుసు.

"ఏమడుగుతుండ్రు రా?" అన్నాడు బాపు.

"నీ ఎంబడి పోలీసులు రావాల్నా అని, బాపూ."

"నేనేమన్న మంత్రినా? ఎవ్వలద్దని రాయి."

అవసరం లేదని రాసి, కింద గీత కూడా గీశాను. కాంపౌండరు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఒక్కడే పోతడా? జర సోచాయించు" అన్నాడు.

"నాకు ఇంగ్లీషొస్తది సార్" అన్నాను.

సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి డిక్షనరీ తీశాను. కాపాడుతూ వెంట వెళ్ళే మనిషి అని ఉంది. ఇటలీ భాష నుంచి వచ్చిందట, మూలంలో దారి చూపడమని అర్థమట. చూపు ఆనని మనిషికి దారి చూపేవాడు అక్కర్లేదని రాసి, గీత గీసింది నేను! మర్నాడు వెళ్ళి తప్పు రాశానని ఒక్క మాట చెబితే ఎస్కార్ట్‌గా నాకు సెలవు దొరికేది, బాపు వెంట వెళ్ళేవాణ్ణి. డిస్పెన్సరీ మెట్లదాకా పోయాను. కిటికీలోంచి కాంపౌండరు నవ్వు వినిపించింది. (నన్ను చూసి కాదు, ఎవరితోనో మాట్లాడుతూ.) వెనక్కి తిరిగాను. ఆనాటి నా డైరీలో ఇలా ఉంది: "బాపు ఒక్కడే వెళ్తానన్నాడు. ఎండ ఎక్కువ." రెండో వాక్యం నిజం.

పది రోజులకు బాపు కంటికి కట్టుతో తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు కరీంనగర్ బస్టాండులో బోర్డులు కనబడక జనంతోపాటు వేములవాడ బస్సెక్కి, రాజన్న గుడిదాకా పోయాడట. అవ్వ లబలబలాడింది.

"ఫికర్ చెయ్యకే. గుడికాడ హుజూరాబాద్ ఆయన కలిసిండు, నాకన్న ముసలోడు. చెయ్యి వట్టుకొని తెచ్చి, మన దిక్కు బస్సుల కూసోవెట్టి పోయిండు" అని, కట్టులేని కన్ను నావైపు తిప్పాడు. "మంచోడు. ఇంగ్లీషు రానట్టుంది."

అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గడి సంగతి ఆయనకు ఎవరు చెప్పారో అడగలేదు. బాపు పోయేదాకా కూడా అడగలేదు.

మొన్న నా కంటి ఆపరేషనుకు కరీంనగర్ పోతే, ఫారంలో అదే గడి. "ఎంబడి ఎవలొచ్చిండ్రు అంకుల్?" అంది నర్సు. కోడలి పేరు తెలుగులోనే రాశాను. కట్టు విప్పాక పాత డైరీ తీసి, ఆ మొదటి వాక్యం కొట్టేసి నిజం రాద్దామని కూర్చున్నాను. ఇప్పటికీ జేబులో రెండు పెన్నులే. చేతికి రాయనిదే వచ్చింది.