వెంటనే చెప్పమన్నారు

పోయిన వారం శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో మనుషుల అక్రమ రవాణా మీద సభ పెట్టి, ఒకప్పుడు ఎయిర్‌పోర్టులో పనిచేసినదాన్నని నన్నూ పిలిచారు. వేదిక మీద అధికారి, అనుమానం వస్తే వెంటనే మాకు చెప్పండి అని నవ్వుతూ అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. పొలాలు పోయిన ఇళ్ల నుంచి చాలామందిమి అక్కడే పనికి కుదిరాం. నాకు ఆడవాళ్ల బాత్రూములు కడిగే పని దొరికింది. నామోషీ అనుకోలేదు, పైగా యూనిఫాం వేసుకుని గగన్‌పహాడ్‌లో బస్సెక్కుతుంటే నలుగురూ చూడాలనిపించేది.

ఒక పొద్దున పద్దెనిమిదేళ్ల పిల్ల ఒకతి, నల్లా తిప్పి ఆ చప్పుడు మాటున ఏడుస్తూ కనబడింది. తుక్కుగూడ అవతలి పిల్ల. కుట్టుమిషన్ పని అని తీసుకొచ్చారట, ఏ దేశమో చెప్పలేదట, పాస్‌పోర్టు బయట నిలబడ్డ మనిషి దగ్గరే ఉందట.

"అక్కా, నేను పోను. జర ఎవరికన్న చెప్పు," అన్నది.

బయటికొచ్చి చూస్తే ఆ మనిషి మా బావ, నా భర్తకు సొంత అన్న.

అయినా చెప్పాను. మా సూపర్‌వైజరు నీ పని నువ్వు చూసుకొమ్మన్నాడు. అక్కడున్న పోలీసాయన, టికెట్టూ వీసా సరిగ్గా ఉంటే నీకేం నొప్పి అని కసిరాడు. ఇంకెవరినైనా అడుగుదామని తిరిగేలోపే, ఆ పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి నాకోసం చూసి, మా బావ వెంట లోపలికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు తిరిగొచ్చిన బావను ఇంట్లో అందరి ముందూ నిలదీశాను. తలైనా దించుకోలేదు.

"పదిమందికి బతుకుదెరువు చూపిస్తున్న. నీకేంది కడుపుమంట?" అన్నాడు.

మా అత్త నన్ను ఇంటి పరువు తీసినదాన్నంది, నా భర్త నెలల తరబడి పలకలేదు, బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి ముఖం తిప్పుకునేవారు. ఆ పిల్ల తల్లి మా బావను వెతుక్కుంటూ మా ఇంటికి వస్తే ఆమె వెంట ఎన్ని ఆఫీసులు తిరిగానో! ప్రతిచోటా పక్క ఆఫీసు చూపించారు. మా బావ మాత్రం పెద్దమనిషి అనిపించుకునే కన్నుమూశాడు. అతణ్ని నేను క్షమించలేదు, ఊరినీ క్షమించలేదు.

అందుకే సభలో లేచి నిలబడ్డాను.

"నేను చెప్పిన సార్. అప్పుడే చెప్పిన. ఎవరూ వినలే."

ఆ అధికారి నవ్వు ఆపి, వేదిక దిగి వచ్చి, నా పక్కన కూర్చుని పిల్ల పేరూ ఊరూ రాసుకున్నాడు. కాలం మారిందని ఒప్పుకోవాలి, ఇప్పుడు వినడానికి మనుషులున్నారు. కానీ ఆ పిల్లకు ఈపాటికి ముప్పై అయిదు దాటి ఉంటాయి, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దొరికిందని కబురు చెబుదామన్నా, వినడానికి వాళ్లమ్మ లేదు.